పేరు లేని వరసలో ముప్పై ఏడు

లిస్టక్కకి చిందరవందర అంటే ఒళ్లు మంట. ఇంట్లో డబ్బాలన్నీ ఎత్తు ప్రకారం నిలబడాల్సిందే. పనికిరానిది, పగిలినది, జత తప్పినది ఏదైనా సరే, గోనెసంచిలో కట్టి అటకెక్కించేస్తుంది. ఆవిడ అత్తగారిది నోటి దురుసే గాని చూపు మహా నిశితం. "మా కోడలి వంటింట్లో ఉప్పుడబ్బా కూడా అటెన్షన్‌లో నిలబడుతుందమ్మా" అని పక్కింటివాళ్లకి చెప్పి నవ్వేది. ఆ వెంటనే అటక వైపు చూసి, "కంటికి కనపడకపోతే లేనట్టేనా? ఏదో ఒకరోజు అదంతా నీ నెత్తినే పడుతుంది చూసుకో" అనేది. లిస్టక్క ఆ మాట ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసేది.

ఆసుపత్రిలో ఆవిడ అసలు పేరు జీతం చీటీకి తప్ప ఇంకెవరికీ తెలియదు. తెల్లారితే లిస్టులు, పొద్దుగూకితే లిస్టులు. అందుకని డాక్టర్ల నుంచి తోటమాలి దాకా అందరికీ లిస్టక్కే. ఇరవై రెండేళ్ల కిందట చీటీలు రాసే కౌంటర్లో చేరింది. గుండ్రటి చేతిరాత. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. పెద్ద చదువులవాళ్లు మాకొద్దంటే మాకొద్దని తప్పుకుంటే, ఆరు రోజుల శిక్షణకి ఈవిడని పంపారు. ఆ ఆరు రోజుల్లో నేర్చుకుంది గోరంత. మిగతాదంతా తల బద్దలు కొట్టుకుని సొంతంగా సాధించింది. కంప్యూటర్ని అడగాల్సిన క్వెరీలన్నీ ముందు పొడుగు నోటుపుస్తకంలో రాసుకుంటుంది, కామాలు మాత్రం ఎర్రసిరాతో. ఒకప్పుడు ఎక్స్‌రే ఫిల్ములు దాచిన కిటికీ లేని గది ఆవిడ ఆఫీసు. గోడలకి ఇప్పటికీ పుల్లటి మందు వాసన వదల్లేదు.

ఆవిడ పని వినడానికి తేలికే. మందుల స్టోరు వాళ్లది ఒక లిస్టు: ఏ వార్డుకి ఏ మందు ఎంత ఇచ్చామో. వార్డు సిస్టర్లది ఇంకో లిస్టు: బీరువాలో ఏది ఎంత ఉందో. ఈ రెండింటినీ వార్డు కోడు పట్టుకుని జోడించి, ఒక్కో వార్డుకి ఒక్కో వరస వచ్చేలా మొత్తం వేయాలి. ఏ పక్క ఉన్నది ఆ పక్క జారిపోకూడదని ఆవిడ ఫుల్ ఔటర్ జాయిన్ అనే జోడింపు వాడింది. అందులో జత దొరికినవాళ్లు జతగా వస్తారు, దొరకనివాళ్లు పక్క గడి ఖాళీగా పెట్టుకుని ఒంటరిగా వస్తారు. ఆ ఖాళీనే నల్ అంటారు.

ఇంతవరకు బాగానే ఉంది. పొరపాటల్లా మొత్తాలు వేసే చోట జరిగింది. వార్డు వారీగా గుంపులు కట్టడానికి ఆవిడ స్టోరు లిస్టులోని కోడునే పట్టుకుంది. మరి స్టోరు అసలు ఇవ్వని వార్డుకి ఆ గడిలో ఏముంటుంది? నల్. అలాంటి వార్డులు పదున్నా సరే, ఆ పదీ కలిసి ఒకే ఒక్క పేరు లేని వరసై కూర్చుంటాయి. ఈ కంప్యూటరుందే, మహా రెండు నాల్కలది! జోడించేటప్పుడేమో ఏ ఖాళీ ఇంకో ఖాళీతో సమానం కాదంటుంది, గుంపు కట్టేటప్పుడు మాత్రం ఖాళీలన్నీ ఒక తానులో గుడ్డలే అంటుంది.

స్టోరు ఇవ్వకుండా వార్డులోకి మందెలా వస్తుందని అడగొచ్చు. చేబదులు! స్టోరు నుంచి ఒక మందు తెచ్చుకోవాలంటే మూడు సంతకాలు, సగం రోజు. రోగి అంతసేపు ఆగుతాడా? పక్కింట్లోంచి గ్లాసు పంచదార తెచ్చుకున్నట్టు సిస్టర్లు పక్క వార్డుకెళ్లి "రెండు ఇవ్వవే, రేపిచ్చేస్తా" అని తెచ్చుకుంటారు. ఎవరూ కాగితం మీద పెట్టరు. ఆసుపత్రి పుట్టినప్పటి నుంచి ఇదే పద్ధతి, దానివల్ల బతికినవాళ్లు బోలెడుమంది.

మూడేళ్ల కిందట అప్పటి సూపరింటెండెంటు రిపోర్టు పైవరస మీద వేలు పెట్టి, "ఏంటమ్మా ఇది, నెత్తి మీద తలా తోకా లేని వరస? పేరు లేదు, ఊరు లేదు. తీసెయ్" అన్నాడు. లిస్టక్కకి తల కొట్టేసినట్టయింది. అంట్లు తోమకుండా ఉన్న వంటింట్లోకి చుట్టాలొచ్చినట్టు సిగ్గుపడింది. ఆ వరస ఎందుకొచ్చిందో చూడలేదు. పేరు లేని వరస కనపడకూడదని క్వెరీ చివర ఒక్క ముక్క చేర్చింది. రిపోర్టు అద్దంలా తయారైంది. ఆ రోజు ఆవిడ ఎంతో తృప్తిగా ఇంటికెళ్లింది.

ఇక ఆ మంగళవారం సంగతి.

రక్తం గడ్డకట్టకుండా వేసే సూదిమందు ఒకటుంది. రెండు రోజుల కిందట నాలుగువందల వయల్స్, అంటే వేలెడంత గాజుసీసాలు, కొత్త బ్యాచ్ వచ్చాయి. పొద్దున తొమ్మిదింటికి కంపెనీ నుంచి కబురు: ఈ బ్యాచ్ వాడొద్దు, సీసా మీద రాసినదానికి లోపలున్న మందు అయిదింతలు ఘాటు. అది పడితే రోగికి రక్తం ఆగదు. ముక్కులోంచి, కుట్లలోంచి, చివరికి మెదడులో కూడా కారొచ్చు.

ఇప్పటి సూపరింటెండెంటు పెద్ద డాక్టరమ్మ. మాట తక్కువ, పని ఎక్కువ. "ముందు ఎవరి దగ్గర ఎన్నున్నాయో కంప్యూటర్లో ఎక్కించమని అన్ని వార్డులకీ కబురు పెట్టండి. రిపోర్టు రాగానే అందులో ఉన్న వార్డులకి ఫోన్ చేసి వాడకం ఆపిద్దాం, మనవాళ్లు వెళ్లి తెచ్చేస్తారు. అనవసరంగా ఆసుపత్రంతా గగ్గోలు వద్దు" అంది. సిస్టర్లకి అలాంటి కబుర్లు రోజుకి పదొస్తాయి, కారణం అడిగే తీరిక ఎవరికుంది? ఎక్కించారు. లిస్టక్క రిపోర్టు తీసింది. పద్నాలుగు వార్డులు, పద్నాలుగు వరసలు, ముత్యాల్లా ఉన్నాయి. ఫోన్లు వెళ్లాయి, పెట్టెలు వెనక్కొచ్చాయి. పన్నెండున్నరకి గండం గడిచిందనుకున్నారు.

ఒంటిగంటా పదికి పెద్ద డాక్టరమ్మ గదికి రమ్మని పిలుపు. అప్పటికే అక్కడ స్టోరు బాబాయ్ నిలబడి ఉన్నాడు. స్టోరు తాళాలు ముప్పై ఏళ్లుగా ఆయన మొలలోనే ఉన్నాయి, రెండు నెలల్లో రిటైరవుతాడు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

"నాలుగువందలొచ్చాయి. రోగులకి వాడేసినవి యాభై రెండు. ఆ యాభై రెండు మందినీ డాక్టర్లు చూస్తున్నారు. మిగలాల్సింది మూడువందల నలభై ఎనిమిది. రిపోర్టులో మూడువందల పదకొండే ఉన్నాయి" అంది పెద్ద డాక్టరమ్మ. "ముప్పై ఏడు వయల్స్ ఎక్కడున్నాయి?"

"నా చేత్తో లెక్కపెట్టి ఇచ్చాను మేడమ్, నా పిల్లల మీద ఒట్టు" అన్నాడు బాబాయ్.

"ఒట్లు కాదండీ నాకు కావాల్సింది. వయల్స్ కావాలి."

బాబాయ్ లిస్టక్క వైపు చూశాడు. బాబాయ్ ఒక్క దూదిచుట్ట ఇంటికి పట్టుకెళ్లే మనిషి కాదని ఆవిడకి తెలుసు.

"ఒక్క పది నిమిషాలు మేడమ్" అని ఫిల్ముల గదికి దాదాపు పరిగెత్తింది. బాబాయ్ వెనకే వచ్చాడు.

స్టోరు లిస్టు పక్కన పెట్టి, వార్డులు ఎక్కించినవి మాత్రమే కూడమని కంప్యూటర్ని అడిగింది. మూడువందల నలభై ఎనిమిది! అంటే సిస్టర్లు అన్నీ ఎక్కించారు. ముప్పై ఏడూ వాళ్ల లిస్టులో ఉన్నాయి, తన రిపోర్టులో లేవు. మధ్యలో మింగేసింది ఎవరు?

క్వెరీ మీద నుంచి కిందికి చూసుకుంటూ వచ్చింది. చివరి ముక్క దగ్గర కళ్లు ఆగిపోయాయి. మూడేళ్ల కిందట తను చేర్చిన ముక్క. దాన్ని తీసేసి మళ్లీ నడిపింది. రిపోర్టు నెత్తిన పేరు లేని వరస ప్రత్యక్షమైంది. స్టోరు ఇచ్చింది: ఖాళీ. బీరువాలో ఉన్నది: ముప్పై ఏడు.

"ఓరి దేవుడో" అంది లిస్టక్క. "బాబాయ్, నేనే దాచేశాను."

"ఏం దాచావమ్మా?"

"చెప్తా, ముందు ఇవెవరివో తేలాలి. పేరున్న వాళ్లకే ఫోన్లు చేశాం. వీళ్లకి ఆపమని ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు కూడా వేస్తూ ఉండొచ్చు!"

గుంపు కట్టే చోట మార్చింది: స్టోరు కోడు ఉంటే అది తీసుకో, అది లేకపోతే వార్డు ఎక్కించిన కోడు తీసుకో. అంతే, ఆ కాస్తే. మూడేళ్ల కిందట రెండు నిమిషాల పని. నడిపింది. ఆ ఒక్క గుట్టా విడిపోయి వరసలైంది. పిల్లల వార్డు పది. కంటి వార్డు ఆరు. ఎముకల వార్డు ఎనిమిది. కట్లు కట్టే గది అయిదు. బాబాయ్ ఒక్కో పేరు చూస్తూనే ఫోనందుకుని, "అమ్మా, ఆ కొత్త బ్యాచ్ ముట్టుకోకండి, బీరువాకి తాళం వేసెయ్యండి, ఎందుకో తర్వాత చెప్తా" అని అరవడం మొదలుపెట్టాడు. పిల్లల వార్డు సిస్టరు "పదికి పదీ ఉన్నాయి బాబాయ్, సీలు తియ్యలేదు" అనేసరికి ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

పది, ఆరు, ఎనిమిది, అయిదు. ఇరవై తొమ్మిది. పైన ఇంకా పేరు లేని వరస ఒకటి మిగిలే ఉంది. ఎనిమిది.

"ఇదేంటమ్మా, అందరికీ పేర్లొచ్చాయన్నావు?"

"వీళ్లకి ఆ పక్కా కోడు లేదు, ఈ పక్కా లేదు బాబాయ్. ఎక్కించిన వాళ్లే గడి ఖాళీగా వదిలేశారు." వివరాలు తీసింది. పది నలభైకి ఎక్కించారు. ఎనిమిది వయల్స్. వార్డు: ఏమీ లేదు.

గోడ గడియారంలో ఒకటీ ముప్పై ఎనిమిది. రెండింటికి అన్ని చోట్లా మధ్యాహ్నం సూదుల వేళ.

తీసుకున్నవాళ్లు ఎవరో తెలియనప్పుడు ఇచ్చినవాళ్లని పట్టుకోవాలి కదా! లిస్టక్క వార్డు తర్వాత వార్డుకి ఫోన్ చేసింది. చేబదులిచ్చామని ఒప్పుకుంటే ఎక్కడ సంజాయిషీ అడుగుతారోనని ఎవరికి వాళ్లు "మేమెవరికీ ఇవ్వలేదక్కా" అనడమే. అయిదో ఫోను అత్యవసర వార్డుకి. అక్కడి సిస్టరూ అదే పాట ఎత్తుకుంది గాని, గొంతులో చిన్న తడబాటు.

"తల్లీ, నీకు దండం పెడతా" అంది లిస్టక్క. "తప్పంతా నాదని నేనే రాసిస్తా. ఆ మందు మంచిది కాదు, పడితే మనిషి పోతాడు. ఇచ్చావా, లేదా?"

"నిన్న సాయంత్రం డయాలసిస్ వాళ్లకి ఎనిమిది ఇచ్చానక్కా. వాళ్లవి రాగానే ఇచ్చేస్తామన్నారు."

డయాలసిస్! లిస్టక్క నెత్తిన అటక విరిగి పడ్డట్టే అయింది. పది రోజుల కిందట ఆ గదిని పైఅంతస్తు నుంచి నేలమాళిగలోకి మార్చారు. పాత కోడు మూసేశారు. కొత్త కోడు ఇమ్మని కాగితం వస్తే, ఒక సంతకం తక్కువుందని తిప్పి పంపింది ఎవరు? తనే. ఫోను తీగ ఇంకా కిందికి లాగలేదు, పొద్దుటి కబురు కూడా మనిషి చేతే వెళ్లింది. కిడ్నీలు పాడైనవాళ్ల రక్తాన్ని యంత్రంలో తిప్పి శుభ్రం చేసే గది అది. యంత్రం తిప్పడానికి ముందు వేసే మందే ఇది.

"బాబాయ్, మేడమ్‌కి చెప్పు!" అంటూ చెప్పులు కూడా వేసుకోకుండా బయటపడింది.

లిఫ్టు ముందు స్ట్రెచరు, దాని చుట్టూ పదిమంది. మెట్లమీద పడింది. నలభై నాలుగేళ్ల మోకాళ్లు, నాలుగు అంతస్తులు. ఎదురొచ్చినవాళ్లు "ఏంటక్కా, ఏమైందక్కా" అంటున్నారు. జవాబు చెప్పే ఊపిరి లేదు. అన్నం తెస్తున్న ఎవరిదో క్యారియరు తగిలి దొర్లింది, ఆగలేదు. నేలమాళిగలో సగం దీపాలు వెలగడం లేదు. గోడ వెంట అట్టపెట్టెలు, నీళ్లు కారే పైపులు, బ్లీచింగు వాసన. తలుపులన్నీ ఒకే రంగు, ఏ తలుపు మీదా బోర్డు లేదు. మొదటిది తోసింది, చీపుర్లు. రెండోది తాళం. మూడోది తోసింది.

నాలుగు మంచాలు, నాలుగు యంత్రాలు. గోడ పక్క మంచం మీద బక్కపల్చటి తాత. సిస్టరు అతని పక్కన యంత్రానికి లావుపాటి సిరంజి బిగించి మీట మీద వేలు పెట్టింది.

"ఆపు!"

ఆ కేకకి సిస్టరు చెయ్యి గాల్లోకి లేచింది. లిస్టక్క వెళ్లి ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఆ సీసాలు... నిన్న తెచ్చినవి... ఎన్ని విప్పావు?"

"ఒక్కటే అక్కా, ఇదే మొదటిది. పొద్దుటివాళ్లకి పాతవే సరిపోయాయి. ఏమైంది?"

"మందేది?"

"ఈ సిరంజిలోనే ఉంది. ఇంకా వదల్లేదు."

బల్లమీద సీలు తియ్యనివి ఏడు. పక్కన ఖాళీ సీసా ఒకటి. లిస్టక్క ఒక్కోదాన్నీ వేలితో ముట్టుకుంటూ మూడుసార్లు లెక్కపెట్టింది. ఎనిమిది. అక్కడే గచ్చు మీద చతికిలబడింది.

తాత మాత్రం అగ్గిమీద గుగ్గిలం అయ్యాడు. ఆయన దర్జీ, వారానికి మూడుసార్లు వస్తాడు, అరగంట ఆలస్యమైతే అరచొక్కా నష్టమంటాడు. "ఏమ్మా, నామీద నీకేం కోపం? ఒంటిగంట నుంచి పడుకున్నా. సరిగ్గా మొదలెట్టే టైముకి ఊడిపడ్డావు! అసలు నువ్వెవరు?"

"లిస్టులు రాస్తాను తాతా."

"లిస్టులు రాసేదానివి లిస్టులు రాసుకోక, కాళ్లకి చెప్పులు లేకుండా ఈ పరుగులేంటి? చూడు, వేలు చితికింది" అన్నాడు. చూసుకుంటే నిజమే, కాలి బొటనవేలి నుంచి రక్తం కారుతోంది. అప్పటిదాకా తెలియనేలేదు. ఆవిడకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

మూడింటికల్లా ముప్పై ఏడూ పెద్ద డాక్టరమ్మ బల్లమీదికి చేరాయి. ఆవిడ రెండు రిపోర్టుల్నీ పక్కపక్కన పెట్టుకుని చూసి, "ఆ వరసని ఎవరు దాచారు?" అని అడిగింది.

బాబాయ్ వెనక నుంచి నెమ్మదిగా గొణిగాడు. "పాత సూపరింటెండెంటు చెప్పాడని చెప్పమ్మా. ఆయన ఎలాగూ ఇక్కడ లేడుగా."

"తీసెయ్యమని చెప్పింది పాతాయనే మేడమ్" అంది లిస్టక్క. "దాచింది నేను. ఎందుకొచ్చిందో చూడకుండా దాచాను. మూడేళ్లుగా శుభ్రంగా ఉందని మురిసిపోయిందీ నేనే."

పెద్ద డాక్టరమ్మ రెండు రిపోర్టుల్నీ ఒక ఫైల్లో పెట్టి, "రాసివ్వండి. ఇప్పుడు ఇంటికెళ్లి కాలికి కట్టు కట్టుకోండి" అంది.

లిస్టక్క కదల్లేదు. మెట్లు ఎక్కుతున్నప్పటి నుంచి ఒకటే ఆలోచన ఆవిడ గుండెని తొలిచేస్తోంది. మూడేళ్లంటే మాటలా? కిందటేడు వానాకాలంలో కూడా ఒక మందు ఇలాగే వెనక్కి తెప్పించారు. నొప్పికి వేసే సూది. అందులో మురికి కలిసిందన్నారు. అప్పుడు కూడా తన రిపోర్టు అద్దంలాగే ఉంది. అప్పుడు కూడా పదో పన్నెండో తగ్గితే, పగిలిపోయుంటాయిలే అనుకున్నారు. తను కూడా అనుకుంది.

"ఒక్క పావుగంట మేడమ్" అని వెళ్లింది. పాత లిస్టుల మీద కొత్త క్వెరీ నడపాలి. మీట మీద వేలుంచి చాలాసేపు కూర్చుంది. నొక్కకపోతే ఎవరికీ తెలియదు. అటక మీద ఉన్నది అటక మీదే ఉంటుంది. "కంటికి కనపడకపోతే లేనట్టేనా" అన్న అత్తగారి గొంతు చెవిలో గింగురుమంది. నొక్కింది.

పేరు లేని వరసలో పదకొండు. విప్పితే, పదకొండూ ఆడవాళ్ల వార్డువే. ఆ రోజు బీరువాలో ఉన్నాయి. తర్వాతి మూడు రోజుల్లో పదకొండూ రోగులకి వాడేశారు.

ఆ పదకొండు పేర్లూ, ఫోను నంబర్లూ గుండ్రటి చేతిరాతతో ఒక కాగితం మీద రాసి పెద్ద డాక్టరమ్మ ముందు పెట్టింది. ఆవిడ చదివింది. కళ్లజోడు తీసి పక్కన పెట్టింది. "వీళ్లందరికీ ఫోన్ చేయిద్దాం. పిలిపించి పరీక్షలు చేయాలి" అంది.

"చేయించడం కాదు మేడమ్. నేనే చేస్తాను."

పెద్ద డాక్టరమ్మ ఫోను ఆవిడ వైపు జరిపింది. తను కూడా లేచి వెళ్లకుండా పక్కనే కూర్చుంది. లిస్టక్క మొదటి నంబరు నొక్కింది. మోగుతోంది. ఆరుసార్లు, ఏడుసార్లు. ఎత్తేవాళ్లు లేకపోతే? ఎత్తి, ఆ మనిషి లేదని చెప్తే? తొమ్మిదోసారికి ఎవరో ఎత్తారు. వెనక పిల్లల గోల.

"హలో, ఎవరండీ?" ఆడగొంతు.

లిస్టక్క ఆసుపత్రి పేరు చెప్పి, కాగితం మీది పేరు చదివి, ఆవిడేనా అని అడిగింది.

"నేనేనమ్మా. ఎందుకు?"

"కిందటేడు మా దగ్గర ఆపరేషన్ అయింది కదా. ఇంటికెళ్లాక మీకు ఒంట్లో ఎలా ఉంది?"

"ఇప్పుడు బాగానే ఉన్నాను. అప్పుడే, ఇంటికొచ్చాక తొమ్మిది రోజులు చలిజ్వరం. బతుకుతాననుకోలేదు. చంటిపిల్లకి పాలు కూడా ఆపేశాను. పథ్యం సరిగ్గా చెయ్యలేదని మా అత్తగారు ఇప్పటికీ సాధిస్తుంది. నిజమేలెండి, నాదే పొరపాటు. ఏదో తిన్నట్టున్నాను." ఆమె నవ్వింది. "ఇన్నాళ్లకి ఇప్పుడెందుకడుగుతున్నారు?"

లిస్టక్క ఫోను రెండు చేతులతో పట్టుకుంది.

"మీ పొరపాటు కాదమ్మా" అంది. "మీరేం తినలేదు. తప్పు నాది. చెప్తాను, వినండి. మీ అత్తగారు పక్కన ఉంటే ఆవిణ్ణి కూడా పిలవండి."

అవతల పిల్లల గోల ఆగింది. "అత్తయ్యా, ఒకసారి ఇలా రండి" అని పిలవడం వినిపించింది. కాగితం మీద ఇంకా పది పేర్లున్నాయి.